సారా ఉండలు

మా ఆఫీసులో రోజూ మధ్యాహ్నం మూడింటికి "ఫీకా" ఉంటుంది. ఫీకా అంటే కాఫీ, దాంతో పాటు ఏదో ఒక తీపి, పది నిమిషాల పిచ్చాపాటీ. స్వీడన్‌లో ఇది దాదాపు సంధ్యావందనం లాంటిది, ఎంత పెద్ద బగ్ ఉన్నా ఆగదు :) నేను యోతెబొరి వచ్చిన మూడో వారంలో ఒకరోజు ట్రేలో చిన్న చిన్న నల్లటి ఉండలు పెట్టారు. చూడ్డానికి నువ్వులుండల్లా ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. కోకో, వెన్న, ఆ వెనకాల ఇంకేదో ఘాటు. పేరేంటని అడిగితే "అరక్స్‌బోల్" అన్నారు.

అరక్? మన అరక్కా?

మన అరక్కే. ఇంగ్లీషు పేపర్లలో, ప్రభుత్వ కాగితాల్లో మన సారాని ఏమని రాసేవాళ్ళో అదే మాట. బోల్ అంటే ఉండ. వెరసి సారా ఉండ! ఆ రాత్రి ఫోన్లో నవ్వుకుంటూ అమ్మకి చెప్పాను. "అమ్మా, ఇక్కడ సారా ఉండలు అమ్ముతారు తెలుసా, ఆఫీసులో అందరూ టీతో తింటున్నారు" అని. అమ్మ నవ్వలేదు. "తిన్నావా?" అంది. "తిన్నాలేమ్మా, స్వీటే, మత్తేం ఎక్కదు" అన్నాను. కాసేపాగి "సరేలే నాయనా, పొయ్యి మీద అన్నం ఉంది" అని పెట్టేసింది.

నేను చెప్పిన జోకు పేలకపోవడం కొత్తేం కాదు. కానీ ఇది అలా పేలకపోవడం కాదని నాకే తెలుస్తోంది. అప్పట్నుంచి ఈ ఉండ చరిత్ర వెంట పడ్డాను. తవ్వితే ఇది ఎక్కడెక్కడికో వెళ్ళి, చివరికి మన బాపట్ల జిల్లాలో తేలింది. ఆ కథే ఇది.

ముందు ఉండ సంగతి

ఈ ఉండకి పొయ్యి అక్కర్లేదు, ఓవెన్ అక్కర్లేదు. నిన్న మిగిలిన కేకు ముక్కల్ని పొడి చేసి, వెన్న, పంచదార, కోకో కలిపి, అరక్ వాసన రెండు చెంచాలు వేసి ఉండలు చుట్టి, చాక్లెట్ పలుకుల్లో దొర్లించి ఫ్రిజ్‌లో పెట్టడమే. మాతో పని చేసే వరంగల్ మిత్రుడికి ఇది చెబితే, "గిది మన మలీద ముద్దనే గదా, సద్దుల బతుకమ్మకు మా ఇంట్ల చేస్తరు. రొట్టె నలిపి బెల్లం కలిపి ముద్ద కడతరు, అంతే" అన్నాడు. నిజమే. ప్రపంచంలో వంటింటి తెలివి అంతా మిగిలిపోయినదాన్ని పారెయ్యకుండా ఎలా తినాలన్న దాంట్లోంచే పుట్టినట్టుంది.

డెన్మార్క్‌లో ఇదే పనిని రమ్ముతో చేస్తారు, "రమ్ ఉండ" అంటారు. అమెరికాలో వెనిలా బిస్కెట్ల పొడిలో బర్బన్ విస్కీ కలిపి క్రిస్మస్‌కి చేస్తారు. అన్నిట్లోనూ బేకరీ లాజిక్ ఒకటే. నాలుగు రకాల కేకుల మిగుళ్ళు ఒకచోట కలిపితే నాలుగు రుచులు కొట్టుకుంటాయి. వాటన్నిటినీ కప్పెయ్యడానికి ఒక బలమైన వాసన కావాలి. రంగుకి కోకో, వాసనకి మద్యం. స్వీడన్‌లో ఈ ఉండకి ఒక అన్న కూడా ఉన్నాడు. లోపల అదే పొడి, పైన ఆకుపచ్చ బాదం ముద్ద, రెండు కొసలూ చాక్లెట్‌లో ముంచి ఉంటాయి. దాని ముద్దు పేరు "దామ్‌స్యూగరే", అంటే వాక్యూమ్ క్లీనర్! పాతకాలపు గొట్టం వాక్యూమ్ క్లీనర్ ఆకారంలో ఉంటుందని కొందరు, బేకరీవాడు సాయంత్రం బల్లల మీద పొడి అంతా ఊడ్చి చేస్తాడని ఇంకొందరు అంటారు. దాని అసలు పేరు మాత్రం "పున్ష్‌రుల్లె", అంటే పున్ష్ చుట్ట. ఈ పున్ష్ అనే మాటని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

ఒకే పేరు, వేరే వేరే విలువలు

అరక్ అనేది అరబ్బీ మాట. చెమట అని అర్థం. సారా బట్టీలో ఆవిరి చల్లబడి బొట్లు బొట్లుగా కారడం చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది. అరబ్బు వర్తకులతో ఆ మాట సముద్రాలన్నీ తిరిగింది. ఎక్కడికి వెళ్తే అక్కడ దొరికే సరుకుకి ఆ పేరే అతుక్కుంది. లెబనాన్‌లో అరక్ అంటే ద్రాక్షతో చేసి సోంపు వాసన పట్టించింది. శ్రీలంకలో కొబ్బరి కల్లుతో చేసింది. జావా దీవిలో చెరుకు మడ్డితో, ఎర్ర బియ్యపు పులుపు ముద్ద వేసి కాచింది. మన దగ్గర ఇప్పపువ్వు, బెల్లం, ఏది దొరికితే అది. ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే ఇది గ్లోబల్ వేరియబుల్ అన్నమాట. పేరు ఒకటే, ఎవడి మాడ్యూల్‌లో వాడు ఎవడిష్టం వచ్చిన విలువ వాడు పెట్టుకున్నాడు. అలాంటి వేరియబుల్‌తో ఎప్పుడో ఒకప్పుడు క్రాష్ తప్పదని మీకు నేను చెప్పక్కర్లేదు. నాకూ అమ్మకీ మధ్య ఆ రాత్రి ఫోన్లో జరిగింది అదే.

స్వీడన్ ఉండలో ఉన్నది జావా అరక్. డచ్చివాళ్ళ రాజధాని బతావియా, అంటే ఇప్పటి జకార్తా, దాని పేరుతోనే "బతావియా అరక్" అంటారు. మరి జావా సరుకు ఇంత చలిదేశానికి ఎలా వచ్చింది? అక్కడే మన ఊరు తగుల్తుంది.

నిజాంపట్నానికి ఒక ఉత్తరం

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ "గ్లోబ్" 1611లో మన తీరానికి వచ్చింది. అప్పుడు వాళ్ళు దిగిన రేవుల్లో ఒకటి మచిలీపట్నం, ఇంకొకటి "పెటపోలి". ఆ పెటపోలే ఇవాళ బాపట్ల జిల్లాలో ఉన్న నిజాంపట్నం. సూర్యలంక బీచ్‌కి వీకెండ్ ట్రిప్పులు వేసేవాళ్ళకి ఆ పక్కలు తెలిసే ఉంటాయి. గోల్కొండ సుల్తానుల కాలం అది. అక్కడ కంపెనీవాళ్ళకి ఒక చిన్న ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే ఇప్పటిలా యంత్రాలు తిరిగే చోటు కాదు, బట్టలు కొని ఓడకెక్కించే గిడ్డంగి. అక్కడ ఉండే నలుగురైదుగురు కుర్రాళ్ళు ఇంటికి నెలల ప్రయాణం దూరంలో, భాష రాక, ఎండకి మాడుతూ ఉండేవాళ్ళు. మన ఆన్‌సైట్ బ్యాచ్‌కి ముత్తాతలన్నమాట, కాకపోతే రివర్స్‌లో.

1632 సెప్టెంబరు 28న రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి, పెటపోలిలో ఉన్న థామస్ కాలీ అనే వర్తకుడికి ఒక ఉత్తరం రాశాడు. మీకు అక్కడ మంచి తోడు దొరికిందని సంతోషిస్తూ, వాళ్ళు కలిసి తాగే ఒక పానీయం పేరు ఎత్తాడు. "పంచ్". ఇంగ్లీషులో ఆ పానీయం పేరు రాతలో కనిపించడం, మనకి దొరికినంతలో, అదే మొదటిసారి. అంటే ఆఫీసు పార్టీల్లో పెద్ద గాజు గిన్నెలో పెట్టే పంచ్ పేరు మొదట చేరిన చిరునామా మన నిజాంపట్నం! నాకైతే ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది.

ఆ రోజుల్లో ఇక్కడి పంచ్‌కి ఆధారం అరక్కే. దాంట్లో నిమ్మరసం, పంచదార, నీళ్ళు, మసాలా. మొత్తం ఐదు. అందుకే మన "పంచ" నుంచి ఆ పేరు వచ్చిందని జాన్ ఫ్రయర్ అనే కంపెనీ డాక్టరు 1698లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో రాశాడు. అందరూ ఒప్పుకోరు. పంచన్ అనే పీపా పేరు నుంచి వచ్చిందనే వాదన కూడా ఉంది. పేరు ఎక్కణ్ణుంచి వచ్చినా, సరుకు మాత్రం ఈ వైపు సముద్రానిదే.

యోతెబొరి ఓడ

1731లో ఇదే యోతెబొరిలో స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ పెట్టారు. వాళ్ళ మొదటి ఓడ 1732లో చైనాలోని కాంటన్‌కి బయల్దేరి 1733లో తిరిగొచ్చింది. 1813లో మూతబడేలోపు ఆ కంపెనీ 132 ప్రయాణాలు చేసింది. టీ, పింగాణీ, పట్టు వాళ్ళ ప్రధాన వ్యాపారం. వాటితో పాటు పీపాల్లో అరక్ కూడా దిగింది. పంచ్ ఇక్కడికొచ్చి "పున్ష్" అయింది. కంపెనీ కట్టించిన పెద్ద భవనంలో ఇప్పుడు నగర మ్యూజియం ఉంది. నా ట్రామ్ రోజూ ఆ దగ్గర్లోంచే వెళ్తుంది.

మొదట్లో పున్ష్ డబ్బున్నవాళ్ళ తాగుడు. అరక్ కొని, నిమ్మకాయలు కొని (చలిదేశంలో నిమ్మకాయ అంటే మాటలా!), వేడి నీళ్ళు కలుపుకుని తాగేవాళ్ళు. 1845లో సీడర్‌లుండ్ అనే స్టాక్‌హోం వ్యాపారి దాన్ని ముందే కలిపి సీసాల్లో అమ్మడం మొదలెట్టాడు. అప్పట్నుంచి అది అందరి నోళ్ళలోకీ వచ్చింది. విద్యార్థుల పాటల్లో చేరింది. గురువారం బఠాణీ సూపుతో వేడి పున్ష్ తాగడం ఆచారమైంది. ఆ వాసన జనానికి ఎంత ఇష్టమైపోయిందంటే, తీపిలోకి కూడా ఎక్కింది. అలా మిగిలిన కేకు పొడి, మిగిలిన సామ్రాజ్యపు వాసన కలిసి ఒక ఉండ అయ్యాయి.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి సరదా కథ. "చూశారా, మన సారాని వాళ్ళు ఎంత గౌరవంగా తింటున్నారో" అని ముగించొచ్చు. కానీ అది సగం నిజమే.

వాళ్ళూ కాలినవాళ్ళే

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో స్వీడన్ తాగుడులో మునిగిపోయిన దేశం. బంగాళాదుంపలతో ఇంటింటా సారా కాచేవాళ్ళు. కూలిలో కొంత సారా రూపంలోనే ఇచ్చేవాళ్ళు. చివరికి 1855లో ఇంట్లో సారా కాచే హక్కుని చట్టం పెట్టి తీసేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇవాన్ బ్రాట్ అనే డాక్టరు ఒక పద్ధతి కనిపెట్టాడు. మన రేషన్ కార్డు లాంటి పుస్తకం, దాని పేరు "మూత్‌బూక్". 1914లో స్టాక్‌హోంలో మొదలై తర్వాత దేశమంతా వచ్చింది. నెలకి నీకింత మద్యం అని రాసి, కొన్న ప్రతిసారీ ముద్ర వేసేవాళ్ళు. ఎవరికి ఎంత అన్నది అధికారులు విచారించి తేల్చేవాళ్ళు. పెళ్ళయిన ఆడదానికి పుస్తకమే లేదు, మొగుడి పుస్తకమే ఇంటి పుస్తకం. 1955 అక్టోబరు 1న దాన్ని ఎత్తేశారు. ఇప్పటికీ ఇక్కడ సీసా మద్యం కావాలంటే ఎక్కువగా ప్రభుత్వ దుకాణానికే వెళ్ళాలి, ఆదివారం అది మూత.

అసలు సంగతి 1922ది. ఆ ఏడాది ఆగస్టు 27న సంపూర్ణ మద్య నిషేధం కావాలా వద్దా అని దేశమంతా ఓట్లు పెట్టారు. సుమారు 51 శాతం వద్దన్నారు, 49 శాతం కావాలన్నారు. వెంట్రుకవాసి తేడా. ఆ ఓట్లని ఆడవాళ్ళవి, మగవాళ్ళవి విడివిడిగా లెక్కపెట్టారు. మగవాళ్ళలో ఎక్కువమంది వద్దన్నారు. ఆడవాళ్ళలో ఎక్కువమంది నిషేధం కావాలన్నారు. వాళ్ళకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వచ్చి అప్పటికి ఒక్క ఏడాదే అయింది!

ఈ లైను చదివాక నాకు అమ్మ గుర్తొచ్చింది. కాదు, అవ్వ గుర్తొచ్చింది.

మా ఊరు

మా అమ్మ పుట్టిల్లు నెల్లూరు జిల్లాలో, ఉదయగిరి వైపు మెట్ట పల్లె. మా తాత మంచి మనిషేనని అందరూ చెప్తారు, పొద్దుగుంకే దాకా. కూలి డబ్బులు చేతికందిన రోజు ఇంటికి మనిషి మాత్రమే వచ్చేవాడు, డబ్బులు వచ్చేవి కాదు.

ఇది ఒక్క మా తాత కథ అయితే చరిత్ర కాదు. దీని వెనక పెద్ద వ్యవస్థే ఉంది. బ్రిటిష్‌వాళ్ళు 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం తెచ్చారు. సారా అమ్మే హక్కుని వేలం వేసి ఖజానా నింపుకోవడం ఒక పద్ధతిగా స్థిరపడింది. వాళ్ళు పోయినా పాటలు పోలేదు. "సారా పాటలు" అంటే మా వైపు సినిమా పాటలు కాదు, వేలం పాటలు. 1980లలో మన ప్రభుత్వమే "వారుణి వాహిని" పేరుతో ప్యాకెట్లలో సారా అందించింది. సీసా అయితే పగుల్తుంది, ప్యాకెట్ అయితే జేబులో పడుతుంది, ఏ మూల పల్లెకైనా చేరుతుంది. తాగడానికి నీళ్ళు రాని ఊళ్ళకి కూడా సారా ప్యాకెట్లు టైముకి వచ్చేవని అమ్మ ఇప్పటికీ అంటుంది. డెలివరీ అంటే అదీ!

1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి బడులు పెట్టారు. ఆ వాచకాల్లో సీతమ్మ కథ అని సారా మీద ఒక పాఠం ఉండేది. దాన్ని చదివినవాళ్ళు అక్షరాలతో ఆగలేదు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్ళూ కలిసి ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అది పక్క ఊళ్ళకి పాకింది. 1992లో సారా పాటలు జరక్కుండా వేలమంది ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం పెట్టింది. 1997లో అది సడలిపోయింది కానీ సారా మీద నిషేధం ఉండిపోయింది. ఆ తర్వాత బ్రాందీ షాపులు, బెల్టు షాపులు, చాటుమాటు నాటుసారా... అవన్నీ మీకు తెలిసినవే.

అప్పుడు అమ్మకి పంతొమ్మిదేళ్ళు. అవ్వని రాత్రి బడికి లాంతరు పట్టుకుని తీసుకెళ్ళింది తనే. అవ్వ తన పేరు రాయడం నేర్చుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా సారా ప్యాకెట్ల బస్తాలు రోడ్డు మీద పోసి తగలబెట్టినరోజు అవ్వ ముందు వరసలో ఉంది. ఇది నాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆ ఫోను తర్వాత ఒక నెలకి, నేను గుచ్చి గుచ్చి అడిగితే అమ్మ చెప్పింది. "ఆ వాసన తెలుసా నీకు? కాలితే ఇంకా ఘోరంగా ఉంటాది" అంది.

రెండు పళ్ళేలు

పోయిన వేసవిలో అమ్మ ఇక్కడికొచ్చింది. నేను ఇంట్లో ఉండలు చేశాను. 300 గ్రాముల కేకు పొడి, 75 గ్రాముల వెన్న, ఐదారు చెంచాల పంచదార పొడి, రెండు పెద్ద చెంచాల కోకో. ముద్ద పొడిపొడిగా ఉంటే ఒక చెంచా జామ్ లేక పాలు వెయ్యండి, జారుగా ఉంటే ఇంకాస్త పొడి. గంట ఫ్రిజ్‌లో పెడితే చేతికి అంటుకోకుండా వస్తుంది. దాన్ని సగం చేశాను. ఒక సగంలో సూపర్‌మార్కెట్‌లో చిన్న సీసాలో దొరికే అరక్ ఎసెన్సు వేశాను. రెండో సగంలో చిక్కటి ఫిల్టర్ కాఫీ డికాక్షన్.

ఇంజనీరు బుద్ధి కదా, లెక్క కూడా వేశాను. అసలు మద్యమే వాడి చేస్తే, 40 శాతం ఘాటుది 30 మిల్లీలీటర్లు వేస్తే అందులో 12 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. 20 ఉండలు చేస్తే ఒక్కోదాంట్లో 0.6. కాల్చే వంట కాదు కాబట్టి అది దాదాపు అంతా అందులోనే ఉంటుంది, ఆవిరైపోతుందని భ్రమపడకండి. పిల్లలకీ, మానేసినవాళ్ళకీ పెట్టేముందు ఇది చెప్పి పెట్టాలి.

ఈ లెక్కంతా అమ్మకి వివరించాను. మాది ఎసెన్సే, చుక్క కూడా లెక్కలోకి రాదు అన్నాను. అమ్మ మొదటి పళ్ళెం దగ్గర వంగి వాసన చూసింది. "ఇది ఆ వాసన కాదే" అంది. జావా సరుకు వాసన వేరు, బెల్లం సారా వాసన వేరు, కాబట్టి అమ్మ ముక్కు కరెక్టే. నేను గెలిచాననుకున్నాను. అమ్మ మాత్రం ఆ పళ్ళేన్ని నా వైపు జరిపి, కాఫీ ఉండ తీసుకుంది. "వాసన కాదు నాయనా, పేరు" అంది. తిని, "బాగుంది, మీ అవ్వకి పళ్ళు లేకపోయినా నమిలుండేది" అని ఇంకొకటి తీసుకుంది.

అమ్మది చాదస్తం అనుకునేవాళ్ళుంటారు. నేనూ ఒకప్పుడు అనుకునేవాణ్ణేమో. కానీ చూడండి, స్వీడన్‌లో అరక్ అన్న మాట పిల్లల ఫీకా పళ్ళెంలోకి రావడానికి వెనక ఏముంది? అది ఎప్పుడూ వాళ్ళ పేదవాడి జేబు కొట్టిన సరుకు కాదు. వాళ్ళ జేబు కొట్టింది బంగాళాదుంప సారా, దాని పేరుతో ఇక్కడ ఏ ఉండా లేదు గమనించారా? ఆ సారాని కూడా చట్టాలతో, పుస్తకాలతో, ఓట్లతో వందేళ్ళు కొలిచి కొలిచి అదుపులోకి తెచ్చారు. ఆ తర్వాతే మద్యం వాళ్ళకి ఒక రుచిగా మిగిలింది. మనకి ఆ కొలిచే పని చేసింది ప్రభుత్వం కాదు, రాత్రి బడిలో పేరు రాయడం నేర్చుకున్న ఆడవాళ్ళు. దాన్ని కూడా మనం సగంలో వదిలేశాం.

నేను అరక్ ఉండ తినడం మానలేదు. బాగుంటుంది, అబద్ధమెందుకు. కానీ ఆఫీసులో ఎవరైనా "మీ దేశం మాటే కదా ఇది" అంటే ఇప్పుడు నిజాంపట్నం ఉత్తరం ఒక్కటే చెప్పి ఊరుకోను. దూబగుంట కూడా చెప్తాను. మొన్న చెబితే మా టీంలో ఒక పెద్దావిడ, ఆవిడ అమ్మమ్మ 1922లో ఏమని ఓటేసిందో చెప్పింది. నిషేధం కావాలని.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి అవ్వలు ఉండే ఉంటారు. అడిగి చూడండి. మనం అడిగేదాకా వాళ్ళు చెప్పరు.